పన్నెండు నిమిషాల పాఠం

బాక్స్‌హిల్ ఆసుపత్రి కార్ పార్కింగ్, నాలుగో అంతస్తు.
నైట్ డ్యూటీకి ఇంకా పన్నెండు నిమిషాలుంది.
స్టీరింగ్‌కి ఫోను ఆనించి కూచుంటాను.
తెరలో గువో టీచరమ్మ, హార్బిన్‌లో,
వెనక కుక్కర్ ఆవిరి.
ఇరవై మూడేళ్ళుంటాయేమో.
నేను తియెన్‌జిన్ సంతలో బేరమాడే రోజుల్లో
సంచీ మోయలేక బడికెళ్ళిన పిల్ల.

ఒకప్పుడు వచ్చు నాకీ భాష.
వచ్చంటే, కలలో కూడా వచ్చు.
డాక్టరు చదువు ఇంగ్లీషులోనే చదివాను గానీ
ఆరేళ్ళు బతికింది ఇందులో.
వేణ్ణీళ్ళ కోసం హాస్టల్ వార్డెన్‌తో పోట్లాట ఇందులోనే.
ఉత్తరపు గేటు దగ్గర జియెన్‌బింగ్ పోసే పిన్నిగారు,
పెసరపిండే, పలచగా, అట్టుకాడ తిప్పుతూ.
మొదటి ముద్దకి కళ్ళనీళ్ళొస్తే
ఉల్లికాడల ఘాటని అబద్ధమాడాను.
"జీ గ జీదాన్?" అనేది రోజూ.
గుడ్లెన్ని?

తర్వాత పరీక్షలు, వాటి మీద పరీక్షలు, వీసా, కాన్పు.
భాష చెప్పి పోలేదు.
అద్దెకున్నవాళ్ళు రాత్రిళ్ళు సామాను దింపుకున్నట్టు
ముందు సామెతలు, తర్వాత కూరగాయలు, చివరికి అంకెలు.

ఇప్పుడు పాలు పొంగేలోపు ఐదు మాటలు.
109 ట్రామ్ కదిలేలోపు ఒక వాక్యం.
మా ఇహికకి రెండో తరగతిలో చైనీస్ ఉంది.
"అమ్మా, నీ గుర్రం గోతిలోకి దిగుతోంది,
పైకి రావట్లేదు" అంటుంది, టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని.
నా గుర్రం నిజంగానే గోతిలో ఉంది తల్లీ.

టీచరమ్మ మెచ్చుకునేది ఒక్క అక్షరానికే.
"అది అందరికీ కష్టం, నీకెలా పలుకుతుంది?"
ఏం చెప్పను?
చెంచాలో 'చ' కాదండీ,
మా నాయనమ్మ చాప పరిచినప్పటి 'ౘ'.
అచ్చుపుస్తకాలు దాన్ని దింపేసినా
మా నోరు దింపలేదని
ఆ భాషలో చెప్పడానికి
ఇంకో ఏడాది పడుతుంది.

మంగళవారం రాత్రి, పద్నాలుగో మంచం.
చ్యావ్ తాతగారు, తుంటి విరిగింది.
దుభాషి లైను సంగీతం వినిపిస్తూనే ఉంది.
ఫోను పక్కన పెట్టేసి వంగాను.
ఎక్కడ నొప్పి అని అడగబోయాను.
ఒక్క అచ్చు జారింది.
ఎక్కడ చక్కెర అన్నాను.
ముసలాయన కాసేపు నన్ను చూసి,
నర్సుల బల్లవైపు వేలు చూపించి
"వాళ్ళు దాచేశారు" అన్నాడు.
నవ్వాడు. తుంటి లాగింది. తిట్టాడు.
ఆ తిట్టు నాకు పూర్తిగా అర్థమైంది.

అప్పుడు, చెయ్యి నా మణికట్టు మీద వేసి,
"ౘాన్‌మన్ మాన్‌మాన్ లాయ్" అన్నాడు.

ఇంగ్లీషులో 'వి' ఒక్కటే.
అందులో నేనున్నానో లేదో
పదకొండేళ్ళుగా ప్రతి మీటింగులో వెతుక్కుంటున్నాను.
వీళ్ళకి మనలాగే రెండు:
వోమన్ అంటే మేము, నువ్వు కాకుండా.
ౘాన్‌మన్ అంటే మనం.
మనం మెల్లమెల్లగా చేద్దాంలే, అన్నాడాయన,
నొప్పి తనదొక్కడిదే అయినా.

తెల్లారి వైట్‌హార్స్ రోడ్డు మీద ఎర్ర లైటు.
టీచరమ్మ మెసేజ్: హోంవర్క్ రాలేదు.
నిజమే, రాలేదు.
అట్టుకాడ రేకు మీద గీసుకున్న చప్పుడు
ఎక్కడిదో చెవిలో.
గుడ్లెన్ని?
"ల్యాంగ్ గ" అన్నాను అద్దంతో.
రెండు వెయ్యి పిన్నీ, ఆకలేస్తోంది.
వెనక కారువాడు హారన్ కొట్టాడు.